మత్తు డాక్టరు చదువునకు ఏ యూరు మేలు?

సోదరీమణులారా! పిల్లకు సంబంధము చూచునప్పుడు మనము ఎన్ని విచారింతుము! వరుని చదువు, అత్తగారి మాటతీరు, ఇంట మంచినీళ్ల వసతి, పొలము కాలువకు మొదటనున్నదా చివరనున్నదా అను సంగతి, ఇన్నియు అడిగి గాని తాంబూలములు పుచ్చుకొనము. అదే పిల్ల వైద్యవిద్యలో పై చదువునకై మూడేండ్లు ఒక యూరికి పోవుచున్నదన్నచో, "ఏ కాలేజి? పేరున్నదేనా?" అను రెండు ప్రశ్నలతో సరిపెట్టుకొందుము. ఈ పొరపాటు మేమును చేయబోయి ఆగితిమి. ఆ సంగతి మీతో చెప్పుకొనుటకే ఈ నాలుగు మాటలు.

మా వారు బందరులో ఉపాధ్యాయులు. వారి అక్కగారు, అనగా మా వదినగారు, గుడివాడలో నుందురు. ఆమె కుమార్తె ఎం.బి.బి.ఎస్. ముగించి, హౌస్ సర్జన్సీ పూర్తిచేసి, నీట్ పీ.జీ. పరీక్ష వ్రాసినది. వచ్చిన ర్యాంకు మిక్కిలి గొప్పదియు గాదు, తీసివేయదగినదియు గాదు. కోరినచో రెండు మూడు శాఖలలో ఏదో యొక చోటు దొరకును. పిల్ల మాత్రము, "నేను అనస్థీషియాయే చదివెదను" అని పట్టుపట్టినది. ఆప్షన్లు పెట్టుటకు వారము దినములే గడువుండగా తల్లీబిడ్డలిద్దరును రైలెక్కి మా యింటికి వచ్చిరి. వారికంటె రెండు దినములు ముందుగా మా అత్తగారు దివిసీమ నుండి వచ్చియుండిరి. ఇక మా వంటయింట పోపుకంటె వాదమే ఘాటుగా నుండెను.

వదినగారి మాట ఇది: "రాత్రింబవళ్లు ఆపరేషను గదిలో నిలుచుండు చదువు ఆడపిల్లకెందుకమ్మా? చర్మవ్యాధుల చదువైనచో వేళకు ఇల్లు చేరవచ్చును. పైగా కత్తి పట్టిన డాక్టరు పేరు ఊరంతయు చెప్పుకొనును. మత్తు ఇచ్చిన డాక్టరు పేరు రోగికే తెలియదు. రేపు సంబంధము వచ్చినప్పుడు ఏమని చెప్పుకొందుము?"

ఈ మాటలో నిజము లేకపోలేదు. మేమును తల యూపితిమి. అప్పుడు పిల్ల మా వంక చూచి, "అత్తయ్యా, ఆ శ్రావణమాసపు రాత్రి మీరు మరచితిరా?" అని యడిగినది. మరచుట యెట్లు?

నాలుగేండ్ల క్రిందటి మాట. మా అత్తగారి ఊరు నాగాయలంక ప్రాంతమున నున్నది. అక్కడ మా బంధువుల కోడలికి తొలి కాన్పు. నొప్పులు సాగుచుండగా బిడ్డ గుండె చప్పుడు తగ్గుచున్నదని నర్సు గ్రహించి, 108 బండిని పిలిపించినది. వాన కురియుచుండెను. సెలవులకు వచ్చియున్న మా పిల్ల కూడ బండిలో వెంట పోయినది. వారొక పట్టణములోని ఆసుపత్రికి చేరునప్పటికి రాత్రి పదకొండు గంటలు. ఆపరేషను గది యున్నది, దీపములున్నవి, కాన్పుల డాక్టరమ్మ చేతులు కడుగుకొని సిద్ధముగా నున్నది. లేనిది మత్తు డాక్టరొక్కరే. ఆయన ఆ రాత్రి మూడు ఆసుపత్రులకు తిరుగుచున్నారట. మరియొక చోట ఒక రోగి ఆపరేషను నడుమ నుండగా కదలి రాలేకపోయిరి. వచ్చునట్లు చేయవలెనన్నచో అక్కడి ప్రాణమును విడిచి రావలెను. కాబట్టి ఆయనను తప్పు పట్టలేము. గంటన్నర గడచినది. తల్లి దక్కినది, బిడ్డ దక్కలేదు.

ఆ రాత్రి పిల్ల మనస్సులో నాటుకొన్నదే ఈ కోరిక.

మత్తు డాక్టరనగా సూది పొడిచి పోవువారని మనలో పెక్కుమంది యనుకొందుము. ఆపరేషనుకు ముందు రోగి గుండెను, ఊపిరిని, రక్తమును పరీక్షించి, ఇతర మందుల సంగతి తెలిసికొని, ఎంత మత్తు, ఏ తీరు మత్తు అని నిర్ణయించువారు వారే. పూర్తిగా నిద్రపుచ్చినప్పుడు తరచు రోగి తనంతట తాను ఊపిరి తీయలేడు. అప్పుడు ఆ యూపిరిని నడుపు భారము మత్తు డాక్టరుది. కాన్పు ఆపరేషనులో చాలవరకు నడుములో సూది వేసి, తల్లి మెలకువగా నుండగనే నొప్పి తెలియకుండ చేయుదురు. అప్పుడు రక్తపుపోటు ఒక్కసారిగా పడిపోవచ్చును. దానిని కనిపెట్టి సరిచేయవలెను. మెదడునకు ప్రాణవాయువు అందకపోయినచో కొద్ది నిమిషములలోనే తీరని నష్టము కలుగును. కనుక ఆపరేషను జరుగునంతసేపును, ముగిసి రోగి తెలివి తెచ్చుకొనువరకును, వారు కనురెప్ప వేయకుండ కాచియుండవలెను. ఇవిగాక, ప్రాణాపాయములో నున్నవారిని ఉంచు ఐ.సీ.యూ. పనియు, తీరని నొప్పులకు చేయు చికిత్సయు ఈ శాస్త్రములోనివే.

ఇట్టివారు పల్లెపట్టులకు చాలినంతమంది లేరు. ఈ కొరత చేతనే ప్రభుత్వము సామాన్య ఎం.బి.బి.ఎస్. డాక్టర్లకు కొన్ని మాసముల శిక్షణ నిచ్చి, అత్యవసరమైన కాన్పులకు మత్తు ఇచ్చుట నేర్పు ఏర్పాటు చేయవలసి వచ్చినది.

"ఆడువారు చేయు పనియేనా?" అని వదినగారు మరల సందేహించిరి. దీనికి మా వారు చెప్పిన కథ మాకును క్రొత్తది. 1846వ సంవత్సరము అక్టోబరు 16వ తేదీన అమెరికాలోని బోస్టను నగరమున మార్టన్ అను పండ్ల వైద్యుడు ఈథరుతో రోగిని నిద్రపుచ్చి చూపెను. మరుసటి యేడు ఎడింబరోలో సింప్సన్ అను వైద్యుడు కాన్పు నొప్పులకు క్లోరోఫారము వాడెను. నలువది యేండ్లు తిరుగకమునుపే ఈ విద్య మన తెలుగు నేలమీదికి వచ్చినది. హైదరాబాదులోని వైద్య పాఠశాలలో ఎడ్వర్డ్ లారీ దొరగారి శిష్యురాలు, పార్శీ వనిత, రూపాబాయి ఫర్దూన్జీ 1889లో పట్టము పొంది, క్లోరోఫారము ఇచ్చుటలో ఆరితేరినది. లోకమున మత్తు వైద్యమును వృత్తిగా చేపట్టిన తొలి మహిళ ఈమెయే యని చెప్పుదురు. అప్పటికి ఈ శాస్త్రమునకు వేరుగా చదువుగాని పట్టముగాని లేదు. ఎక్కడికి పోయి నేర్చుకొనవలెనను ప్రశ్న ఆమెకును ఎదురైనది. 1909లో ఆమె ఎడింబరోకు పోయి, మత్తుమందుల గుణములు తెలియుటకు పనికివచ్చు భౌతిక రసాయన శాస్త్రములు చదివి, తిరిగి హైదరాబాదుకే వచ్చి సేవచేసెను.

ఈ కథతో శాఖ సంగతి తేలిపోయినది. వదినగారు, "సరే, ఏ యూరికి పంపుదుము?" అనిరి. అసలు చిక్కు అప్పుడే మొదలైనది.

పిల్లకు బాబాయి కుమారుడొకడు అమెరికాలో ఇదే శాస్త్రము చదువుచున్నాడు. ఆ దేశమున ఒక యేడు సామాన్య వైద్యము, పిమ్మట మూడేండ్లు మత్తు వైద్యము, మొత్తము నాలుగేండ్లు. అక్కడ పరీక్షలు ప్యాసగుట మాత్రమే చాలదు. ఆసుపత్రులకు దరఖాస్తులు పంపగా, వారు పిలిచి ఇంటర్వ్యూ చేయుదురు. 2020 తరువాత ఈ ఇంటర్వ్యూలు చాలవరకు కంప్యూటరు తెరమీదనే జరుగుచున్నవి. ఆపైన ఆసుపత్రులు తమకు కావలసిన అభ్యర్థుల వరుసను, అభ్యర్థులు తమకు కావలసిన ఆసుపత్రుల వరుసను వ్రాసి యిత్తురు. రెంటిని జోడించి మార్చి మాసమున ఫలితము తెలుపుదురు. "వారు నన్ను అడిగినంతసేపు నేనును వారిని అడిగితిని" అని ఆ అబ్బాయి ఫోనులో చెప్పినాడు.

మన దేశమున ఈ యింటర్వ్యూ లేదు. నీట్ పీ.జీ. ర్యాంకును బట్టి, మనము పెట్టిన ఆప్షన్ల వరుసను బట్టి, చోటు కేటాయింతురు. మనలను ఎవరును ఏమియు అడుగరు. కాబట్టి మనమును ఎవరిని ఏమియు అడుగనక్కరలేదనుకొందుము. ఇదియే పొరపాటు. వారు మనలను ఇంటర్వ్యూ చేయకపోయినచో, మనమే పోయి కాలేజిని ఇంటర్వ్యూ చేయవలెను.

కాగితముమీద చూచినచో అన్నియు ఒకే తీరు. అన్నిచోట్లను మూడేండ్లే, అన్నిచోట్లను ఎం.డి. పట్టమే. విశాఖపట్నపు ఆంధ్ర వైద్య కళాశాల 1923 నాటిది. గుంటూరుది 1946 నాటిది. కాకినాడ రంగరాయ కళాశాల 1958లోను, విజయవాడ సిద్ధార్థ కళాశాల 1980లోను ఏర్పడినవి. మన బందరులో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల తెరచిరి. ఇవిగాక ప్రైవేటు కళాశాలలు, డి.ఎన్.బి. నేర్పు ఆసుపత్రులు కలవు. వయస్సును గౌరవింపవలసినదే గాని, వయస్సొక్కటే చూచి పిల్లను పంపరాదు.

మాకప్పుడు దమయంతి స్వయంవరము జ్ఞాపకము వచ్చినది. అయిదుగురు నలులు ఒకే రూపమున కూర్చుండగా ఆమె ఏమి చూచినది? దేవతల పాదములు నేల నంటలేదు, చెమట పట్టలేదు, పూలదండ వాడలేదు. నలుని పాదములు నేలమీద నున్నవి, మేన చెమటయు ధూళియు నున్నవి. ఆ చెమట ధూళి గల వానినే ఆమె వరించినది. "అమ్మాయీ, నీవును చెమటను, ధూళిని వెదకుము" అంటిమి. పిల్ల నవ్వి, కాగితము కలము తెచ్చుకొన్నది. మా వారును, మేమును, పిల్లయు కూర్చుండి ఆ రాత్రి వ్రాసిన ప్రశ్నలివి.

మొదటిది: రాత్రి రెండు గంటలకు కాన్పు ఆపరేషను వచ్చినచో, మొదటి సంవత్సరపు విద్యార్థిని ప్రక్కన ఎవరు నిలుతురు? పెద్దలు గదిలో నుందురా, ఇంటనుండి ఫోనులో చెప్పుదురా? ఊపిరి గొట్టము అమరని క్షణమున ఫోను అక్కరకు రాదు. ఈ ప్రశ్నకు తృప్తియైన జవాబు లేని చోట తక్కిన వైభవమంతయు వ్యర్థము.

రెండవది: చేతికి ఎట్టి పని వచ్చును? బాలింతలు, పసిపిల్లలు, కాలినవారు, ఎముకలు విరిగినవారు, పురుగుమందు త్రాగి వెంటిలేటరుమీద నున్నవారు, వీరందరును ఒక్కచోట వచ్చు ఆసుపత్రి యేది? గుండె, మెదడు ఆపరేషన్లు చూచు అవకాశమున్నదా? రోగులు వేలుగా వచ్చుట యొకటి, విద్యార్థిని చేతికి పని నిచ్చుట మరియొకటి. రెండును అడుగవలెను.

మూడవది: యంత్రములు. రక్తములోని ప్రాణవాయువును వేలికొననుండి తెలుపు పల్స్ ఆక్సీమీటరు, విడిచిన యూపిరిని కొలుచు క్యాప్నోగ్రాఫు ప్రతి ఆపరేషను బల్లవద్దను ఉన్నవా, లేక చూపుటకు ఒక్క గదిలో నున్నవా?

నాల్గవది: పొరపాటు జరిగినప్పుడు ఏమి చేయుదురు? ఇది మా వారు చేర్చిన ప్రశ్న. 1888, 1889 సంవత్సరములలో హైదరాబాదులో నిజాము ప్రభువు ధనసహాయముతో క్లోరోఫారముపై గొప్ప విచారణలు జరిగినవి. క్లోరోఫారము మొదట ఊపిరినే ఆపును గాని నేరుగా గుండెకు హాని చేయదని వారు తేల్చిరి. ఆ తీర్పు సరికాదు. తేలికగా మత్తు ఇచ్చినప్పుడు సహితము గుండె హఠాత్తుగా ఆగవచ్చునని 1911లో లెవీ అను శాస్త్రజ్ఞుడు చూపెను. అంతటి పెద్దలే పొరబడినప్పుడు మనమెంత? తప్పును దాచక, వారమునకో మాసమునకో అందరును కూర్చుండి "ఎచ్చట జారితిమి?" అని విచారించు చోటనే విద్య నిలుచును. చిన్నవారిమీద నెట్టి చేతులు కడుగుకొను చోట భయము పెరుగును, విద్య పెరుగదు.

అయిదవది: ఆడపిల్ల నిద్రించు గది. ఇది అడుగుటకు సిగ్గుపడరాదు. 2024 ఆగష్టులో కలకత్తాలోని ఒక వైద్య కళాశాలలో విధిలోనున్న యువ వైద్యురాలికి జరిగిన ఘోరమును దేశమంతయు వినినది. డ్యూటీ గదికి లోపలి గడియ యున్నదా? స్నానపుగది దగ్గరనున్నదా? హాస్టలునుండి ఆపరేషను గదికి పోవు దారిలో దీపములున్నవా? పెండ్లియై గర్భము ధరించినచో సెలవు నిత్తురా, సాధింతురా?

ఆరవది: తిరిగి వచ్చు దారి. ఇప్పటి నిబంధనలలో పీ.జీ. విద్యార్థులు మూడు మాసములు జిల్లా ఆసుపత్రిలో పనిచేయవలెను. ఆ మూడు మాసములను నిజముగా నేర్చుకొనుటకు పంపుదురా, సంతకములతో సరిపెట్టుదురా? పెద్ద ఆసుపత్రిలో అన్ని యంత్రముల నడుమ నేర్చిన విద్య, అవనిగడ్డవంటి చోట అన్నియు లేనప్పుడు ఎట్లు వాడవలెనో నేర్పు మాసములవి.

ఈ ప్రశ్నలు పట్టుకొని పిల్ల మా వారితో గలిసి మూడు చోట్లకు పోయివచ్చినది. పేర్లు వ్రాయము. మొదటిది పట్టణములో నొక పెద్ద ఆసుపత్రి. నేల అద్దమువలె నున్నది, యంత్రములు క్రొత్తవి. కాని విద్యార్థులు, "మేము చాలవరకు చూచుచుందుము, పెద్దవారే చేయుదురు" అనిరట. రెండవది ప్రభుత్వ కళాశాల. గోడలకు సున్నము రాలినది, వరండాలలో రోగులు చాపలమీద నున్నారు. తన సీనియరు నొకతెను కలిసికొని పిల్ల ఆ రాత్రి అక్కడనే కూర్చున్నది. అర్ధరాత్రి దాటిన పిమ్మట ఒక కాన్పు కేసు వచ్చినది. నరసిన జడతో ఒక ప్రొఫెసరమ్మ వచ్చి, మొదటి సంవత్సరపు పిల్ల వెనుకనే నిలుచుండి, తన చేయి వేయక, మాటతో మాత్రము నడిపించినదట. తెల్లవారి వారమువారపు విచారణ సభ జరిగినది. అందులో ఆ ప్రొఫెసరమ్మయే మొదట తన పొరపాటొకటి చెప్పుకొన్నదట. అయితే అక్కడి డ్యూటీ గదికి గడియ సరిగా లేదు. మూడవ చోట అన్నియు నడిమి రకము, ఊరు మాత్రము మిక్కిలి దూరము.

వదినగారు అద్దపు నేలవైపు మొగ్గిరి. "బిడ్డ సుఖముగా నుండును గదా" యన్నది తల్లి మనస్సు. దానిని మేము తేలికగా తీసివేయలేదు. గడియ లేని గది మమ్మును కూడ కలవరపెట్టినది. అప్పటివరకు మాటాడక చిక్కుడుకాయలు ఒలుచుచున్న మా అత్తగారు తల యెత్తిరి. 1977 నవంబరు 19వ తేదీ ఉప్పెనను కన్నులార చూచిన మనిషి ఆమె. వేల ప్రాణములను సముద్రము తీసికొనిపోగా బ్రతికి బయటపడినవారిలో నొకరు. ఆమె యన్నమాట ఇది: "మా చిన్ననాట పలుచోట్ల పడవయే దారి. రేవున పడవ యున్నంతమాత్రమున ఏరు దాటుదుమా? సరంగు కావలె. సరంగు పని పడవలో కూర్చుండి చూచిన వానికి రాదు, గడ పట్టిన వానికి వచ్చును. పిల్లను గడ పట్టనిచ్చు చోటికి పంపుడు. గడియ సంగతి వడ్రంగి చూచుకొనును."

అందరమును నవ్వితిమి గాని, వదినగారి కన్నులు చెమ్మగిలినవి. మరునాడు పిల్ల తన సీనియరుకు ఫోను చేసినది. ఆ కళాశాల విద్యార్థినులందరును గలిసి గడియ విషయమై అర్జీ వ్రాసి అధికారులకిచ్చిరి. వారమునకే క్రొత్త గడియ బిగించిరని కబురు వచ్చినది. అడిగిన యెడల కొన్ని వెంటనే జరుగునని ఇందువలన తెలిసినది.

ఆప్షన్ల వరుస విషయమున మా వారొక మాట చెప్పిరి. అది ఇతర తల్లులకును పనికివచ్చును. "ఇది నాకు దొరకదేమో" యని భయపడి, కోరిన చోటును క్రిందికి త్రోయరాదు. మన ర్యాంకునకు అందునట్టి వానిలో, వరుసలో అన్నిటికంటె పైన నున్న దానినే ఇత్తురు. అందని దానిని పైన వ్రాసినందున క్రిందిది చేజారదు. కాబట్టి దొరకు వరుస గాక, కోరు వరుస వ్రాయవలెను. అట్లే ఆ రాత్రి మొదట సున్నము రాలిన గోడల కళాశాలను, పిమ్మట దూరపు ఊరిని, మూడవదిగా అద్దపు నేలను పెట్టితిమి. బోసిపోయిన వంటయింట మా అత్తగారే పిల్లకు పెరుగన్నము కలిపి పెట్టిరి.

ఇది వ్రాయునాటికి ఫలితము రాలేదు. ఏ చోటు వచ్చినను పిల్ల ఆ ఆరు ప్రశ్నల కాగితమును పెట్టెలో పెట్టుకొనియే పోవును. అచ్చట లేనిదానిని అడిగి తెచ్చుకొనుటకు అది పనికివచ్చును. మూడేండ్ల పిమ్మట ఎక్కడ నుందువని మేమడుగలేదు. ఆమెయే, "అత్తయ్యా, అవనిగడ్డకు బందరునుండి బస్సులు చాలనే యున్నవి గదా" యన్నది.

సోదరీమణులారా! మీ యింట ఆపరేషను జరుగవలసి వచ్చినప్పుడు కత్తి పట్టు డాక్టరు పేరు అడిగినట్లే, మత్తు ఇచ్చు డాక్టరు పేరును అడిగి తెలిసికొనుడు. వారు తినరాదన్న వేళ తినక, వాడుచున్న మందులను దాచక చెప్పుడు. ఆ పేరు మన నోట పలుకుట నేర్చుకొన్ననాడు, "మత్తు డాక్టరా?" యని మన పిల్లలను చిన్నబుచ్చు మాటయు మన యిండ్లనుండి పోవును.